మా బడికి తనిఖీ వచ్చినప్పుడు ఏం చూశారు, మేమేం చూపించాం – నా అనుభవం

నేను మెదక్ జిల్లాలో ఒక చిన్న ఊరి ప్రైమరీ స్కూల్‌లో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. 2024 ట్రాన్స్‌ఫర్లలో ఇక్కడికొచ్చా, ఉన్నవాళ్లలో సీనియర్‌ని కాబట్టి ఇన్‌చార్జి హెచ్ఎం (హెడ్మాస్టర్) బాధ్యత కూడా నా మీదే పడింది. పోయిన ఏడాది, అంటే 2025 ఆగస్టులో, మా బడికి తనిఖీ టీమ్ వచ్చింది, పిల్లలందరికీ పుస్తకాలు అందాయా, బిల్డింగ్ పిల్లలు కూర్చోడానికి పనికొస్తుందా అని చూడ్డానికి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్షన్లు చాలానే చూశా గానీ ఇది మాత్రం వేరేలా జరిగింది. మొన్న డీఎస్సీలో కొత్తగా వచ్చిన ఒక టీచరమ్మ ఫోన్ చేసి "మేడం, మా బడికి రేపో ఎల్లుండో టీమ్ వస్తదంట, ఏం చూపియ్యాలె, ఏం దాచాలె" అని భయపడుతూ అడిగింది. ఆమెకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ పూర్తిగా రాస్తున్నా, ఊరి పేరు, మనుషుల పేర్లు మాత్రం రాయట్లేదు.

ముందు పుస్తకాల సంగతి. 2025 జూన్ 6 నుంచి 19 దాకా పిల్లల్ని సర్కారు బడిలో చేర్పించే బడి బాట జరిగింది కదా, మేం ఇద్దరం టీచర్లం పొద్దున్నే ఇంటింటికీ తిరిగినం. ప్రైవేట్ స్కూల్ ఆటో వచ్చే టైంకి మేమూ అదే చౌరస్తాలో నిలబడి తల్లిదండ్రులతో మాట్లాడినం, ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం ఉంది, యూనిఫాం ఇస్తాం, ఇంగ్లిష్ తెలుగు రెండూ పక్కపక్క పేజీల్లో ఉండే పుస్తకాలు ఫ్రీగా ఇస్తాం అని. నమ్మారు. అంతకుముందు ఏడాది 58 మంది ఉన్న బడి 83కి వచ్చింది. ఒక్క మూడో తరగతిలోనే పది మంది ఉండాల్సిన చోట పద్దెనిమిది మంది అయిన్రు. నాకు ఎంత సంతోషం అయిందో చెప్పలేను, ఇంటికి పోయి మా ఆయనకు రిజిస్టర్ ఫొటో చూపించా.

కానీ పుస్తకాల ఇండెంట్, అంటే ఎన్ని కావాలో పైకి పంపే లెక్క, అంతకుముందే వెళ్లిపోయి ఉంటుంది. అది పాత యూడైస్ (ప్రతి బడి ఏటా ప్రభుత్వానికి నింపి ఇచ్చే వివరాలు) లెక్క మీద పోతుంది, కొత్తగా ఎంతమంది చేరతారో ఆ లెక్కకు తెలియదు. జూన్ 12న బడి తెరిచేసరికి పుస్తకాలు వచ్చినయ్, అందులో ఆలస్యం ఏమీ లేదు, ఆ మాట చెప్పాలి. ఎంఆర్‌సీ (మండల వనరుల కేంద్రం) నుంచి సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) తెచ్చి ఇచ్చిన కట్టలు విప్పి చూస్తే మూడో తరగతికి పదకొండు సెట్లు ఉన్నాయి, పిల్లలు పద్దెనిమిది. నాలుగులో ముగ్గురికి తక్కువ. అంటే ఏ పిల్లల్ని మేం ఇంటికి పోయి బతిమాలి తెచ్చుకున్నామో సరిగ్గా వాళ్ల చేతికే పుస్తకం లేదు. ప్రైవేట్‌లో డబ్బు కట్టి కొన్నప్పుడు పుస్తకం ఉండె, ఇక్కడ ఫ్రీ అని చెప్పి తీసుకొస్తే లేదు. ఒకామె గేటు దగ్గర నిలబడి "పుస్తకాలు ఇస్తమన్నరు గద మేడం" అని మెల్లగా అడిగి పోయింది, గట్టిగా అరిచినా అంత బాధ ఉండేది కాదు.

పైకి చెప్పినం. ఒకసారి గ్రూపులో, ఒకసారి ఫోన్లో, ఒకసారి కాగితం మీద. "ప్రస్తుతానికి అడ్జస్ట్ చేసుకోండి మేడం" అనే జవాబు మూడుసార్లూ వచ్చింది. అడ్జస్ట్ అంటే ఇద్దరికి ఒక పుస్తకం, లేదా అంతకుముందు ఏడాది చదివిన పిల్లల దగ్గర పాతవి అడిగి తేవడం. నాలుగు పాత పుస్తకాలు దొరికినయ్, వాటిల్లో రెండింటికి ముందు పేజీలు అతికించి ఉన్నాయి, 2024 జూన్‌లో ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అట్లే ఉందని ఇచ్చిన పుస్తకాలు వెనక్కి తీసుకుని ఆ పేజీలు అతికించి మళ్లీ ఇచ్చినం కదా, అవే. పాత పుస్తకం అయినా టెక్స్ట్‌బుక్ వరకు నడుస్తుంది, వర్క్‌బుక్ మాత్రం పాతది పనికిరాదు, అందులో అప్పటికే ఎవరో రాసేసి ఉంటారు.

ఇంకో విషయం కూడా దాచకుండా రాస్తా. అక్విటెన్స్‌లో, అంటే పుస్తకాలు అందినట్టు సంతకాలు తీసుకునే కాగితంలో, సంతకాలు పెట్టించి పంపమన్నారు. అందరికీ అందినట్టు పంపితే మండలం రిపోర్టు నూరు శాతం అవుతుంది. నేను పదకొండు మందికే సంతకాలు పెట్టించా, మిగతా ఏడు గడులు ఖాళీగా వదిలేశా. దానికి నాకు రెండు ఫోన్లు వచ్చినయ్. ఖాళీ గడులు చూస్తే ఎవరికైనా చిరాకే, కానీ ఆ ఖాళీ గడులే తర్వాత మా పిల్లల్ని కాపాడినయ్.

ఇక గది. మా బడిలో మూడు గదులు. రెండు సర్వశిక్షా అభియాన్ డబ్బులతో కట్టినవి, బాగానే ఉన్నాయి. ఒకటి పాతది, కేంద్రం బడులకు గదులు ఇచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం రోజుల్లో కట్టింది, గోడకున్న శిలాఫలకం మీద 1991 అని ఉంటుంది. అందులో ఒకటి, రెండు తరగతులు. నేను వచ్చినప్పటికే కప్పు మీద పెచ్చులు ఊడి రెండు మూడు చోట్ల చువ్వలు బయటికి కనపడుతున్నయ్, సున్నం వేసి ఉండటంతో అంత భయంగా అనిపించేది కాదు. జులైలో వానలు మొదలయ్యాక రెండో తరగతి పిల్లోడు ఒకడు "టీచర్, నా మీద మట్టి పడ్తుంది" అన్నాడు. నేనేం చేశానంటే, వాడి తల మీద దుమ్ము దులిపి, బెంచీ ఒక మూర పక్కకు జరిపా. అంతే. నాకు ఇంకో గది లేదు, అందుకే నా చేతికి తోచింది అది.

ఆ తర్వాత వారం కూడా కాలేదు, జులై 25 శుక్రవారం నాడు రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లాలో పిప్లోదీ అనే ఊళ్లో సర్కారు బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పొద్దున బడి మొదలయ్యే టైంలోనే. కూలే ముందు పైనుంచి చిన్న చిన్న రాళ్లు పడుతున్నాయని పిల్లలు చెప్పారని వార్తల్లో వచ్చింది. అది చదివి నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మా పిల్లోడు నాతో అన్నదీ అదే మాట కదా. నేను జరిపిన ఆ బెంచీ కళ్లముందుకొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. మరుసటి రోజు వాళ్లను ఆ గదిలో కూర్చోబెట్టలేదు, వరండాలో చాపలు వేసినం. అయితే అది నా అంతట నేను చేసుకున్న ఏర్పాటు, రేపు ఇంకో హెచ్ఎం వస్తే మళ్లీ ఆ గదిలోనే పెట్టొచ్చు, కాగితం మీద ఆ గది "మంచి గది" కిందే ఉంది, యూడైస్‌లో కూడా అట్లే నింపి ఉంది.

ఆ ఘటన తర్వాత కేంద్రం అన్ని రాష్ట్రాలకూ బడుల సేఫ్టీ ఆడిట్ చెయ్యమని రాసింది. ఆగస్టు మొదటి వారంలో సాయంత్రం గ్రూపులో మెసేజ్ వచ్చింది, రేపు మీ కాంప్లెక్స్‌కి (చుట్టుపక్కల బడుల గ్రూపుకి) టీమ్ వస్తది, రికార్డులు సిద్ధంగా పెట్టుకోండి అని. వెంటనే ఫోన్లు మొదలైనయ్. నా మంచి కోరే ఒక సీనియర్ సారు చెప్పిన మాట ఇది: "మేడం, పాత గదికి తాళం ఎయ్యండి, స్టోర్ రూమ్ అని చెప్పండి. గది బాలేదని రాస్తే ఇన్ని రోజులు పిల్లల్ని ఎందుకు కూసోబెట్టినవని నీకే మెమో ఇస్తరు. పుస్తకాలు తక్కువున్న పిల్లలను ఆ పూట రెండో వరసల కూసోబెట్టు, పక్కోళ్ల పుస్తకం మధ్యల పెట్టుకుంటరు, కనపడదు." ఆ సారును తప్పు పట్టను, ఆయన అనుభవంలో ఇన్‌స్పెక్షన్ అంటే ఎవరినో ఒకరిని తప్పు పట్టడానికి వచ్చేదే. తప్పు దొరికితే టీచర్‌కి మెమో, అంటే సంజాయిషీ నోటీసు, దొరక్కపోతే టీ, బిస్కెట్లు. బడికి ఏం కావాలో అడిగి రాసుకుపోయినవాళ్లు తక్కువ.

నేను మా బడి బాగోగులు చూసే "అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ" అధ్యక్షురాలికి ఫోన్ చేశా, ఊళ్లో మహిళా సంఘానికి కూడా ఆమే పెద్ద. ఆమె ఒక్కటే అడిగింది, "టీచరమ్మా, తాళం ఏస్తే కప్పు మంచిగైతదా?" ఇంక దానికి నా దగ్గర జవాబు లేదు. తాళం వెయ్యలేదు.

మరుసటి రోజు పదింటికల్లా వచ్చారు. పక్క మండలం హైస్కూల్ హెచ్ఎం మేడం ఒకరు, ఒక సీనియర్ టీచర్, బిల్డింగ్ చూడ్డానికి ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). నేను రికార్డులన్నీ టేబుల్ మీద వరసగా పేర్చి పెట్టా, స్టాక్ రిజిస్టర్, అక్విటెన్స్, ఎంఆర్‌సీకి ఇచ్చిన కాగితం జిరాక్స్. ఆ మేడం కుర్చీలో కూడా కూర్చోలేదు, నేరుగా మూడో తరగతికి పోయింది. "బిడ్డలూ, బ్యాగుల పుస్తకాలన్నీ తీసి ముందు పెట్టుకోండి" అంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఇన్నేళ్లలో పిల్లల బ్యాగు తెరిపించిన ఇన్‌స్పెక్షన్ ఇదే మొదటిది. అందరూ టీచర్ బీరువా తెరుస్తారు. బీరువాలో ఉన్నది పిల్లలు చదివేది కాదు కదా.

ఆమె ఒక్కొక్కరి దగ్గరా వంగి పుస్తకం తీసి, లోపల పేరు ఎవరిదుందో చూసి, ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. పేరు ఒకరిది, పెట్టుకున్నది ఇంకొకరు అయితే అది లెక్కలోకి తీసుకోలేదు. "ఇంటికి తీసుకపోతవా ఇది?" అని అడిగింది, తలూపితేనే గీత. బడిలో చూసుకుని ఇంటికి పోతే లేకపోవడం పుస్తకం ఉన్నట్టు కాదు అని నాతో అంది, నిజమే, హోంవర్క్ ఎట్ల చేస్తారు.

గోడ పక్కన కూర్చున్న ఒక పాప దగ్గరికి వచ్చేసరికి ఆ పాప పుస్తకం తియ్యలేదు, నోట్‌బుక్ తీసింది. అది లెక్కల పుస్తకం. అంటే ఆ పాప పక్క పిల్ల దగ్గర పుస్తకం ఇంటికి తెచ్చుకుని ఒక్కో పేజీ మొత్తం చేత్తో రాసుకుంది. ఒకవైపు ఇంగ్లిష్, ఒకవైపు తెలుగు, పుస్తకంలో ఎట్లుందో అట్లే. కూడికల పక్కన ఉన్న మామిడిపండ్ల బొమ్మలు కలర్ పెన్సిల్‌తో వేసింది. పాఠం మొదట్లో ఉండే క్యూఆర్ కోడ్ కూడా వేసింది, స్కేలుతో డబ్బా గీసి, దాంట్లో చిన్న చిన్న నల్ల గడులు పెన్సిల్‌తో దిద్ది దిద్ది నింపింది. ఆ మేడం "ఇదేంది బిడ్డా?" అని అడిగితే "ఫోన్ పెడ్తే వీడియో వస్తది" అని చెప్పింది. గదిలో ఎవరం మాట్లాడలేదు. ఆ పాప మా బడిలోనే ఉంది, నా క్లాసులోనే, రోజూ నా ముందే కూర్చుంటుంది, వాళ్లమ్మ బీడీలు చేస్తది, నేను ఆ నోట్‌బుక్ అంతకుముందు చూడనే లేదు. పుస్తకం లేదని తెలుసు, ఇట్ల రాసుకుంటుందని తెలియదు.

ఆ తర్వాతే మేడం ఆఫీస్ రూంకి వచ్చి అక్విటెన్స్ తెరిచింది. ఏడు ఖాళీ గడులు, ఆమె లెక్కలో ఏడు గీతలు తక్కువ. రెండూ సరిపోయినయ్. "చాలా బడుల్ల ఇక్కడ నిండుగ ఉంటది, బ్యాగుల ఉండదు. అప్పుడు నేనేం రాయాలె? నా చేతులు కట్టేసినట్టే" అంది. కాగితం మీద అందరికీ అందాయని ఉంటే తక్కువ ఉన్నాయని రాయడానికి ఆమెకు ఆధారం ఉండదు, పైన అడిగితే హెచ్ఎం సంతకం చేసింది కదా అంటారు. కొత్త టీచరమ్మకు నేను గట్టిగా చెప్పిన మాట ఇదే, ఇవ్వని పుస్తకానికి సంతకం పెట్టించొద్దు, ఎవరు ఫోన్ చేసినా సరే.

ఏఈ సారు వయసులో చిన్నవాడే, మూడు గదులూ చూసినా ఎక్కువసేపు ఉన్నది పాత గదిలో. చేతిలో చిన్న సుత్తి. బెంచీ ఎక్కి కప్పును అక్కడక్కడ కొడుతూ పోయాడు. మంచిగున్న చోట ఠంగ్ అని గట్టిగా మోగుతుంది, బాలేని చోట కుండ మీద కొట్టినట్టు డొల్లగా వస్తుంది, ఒకసారి విన్నాక ఎవరికైనా తేడా తెలుస్తుంది, పిల్లలు కూడా కిటికీలోంచి విని "గా శబ్దం వేరే ఉంది సార్" అన్నారు. రెండో తరగతి కూర్చునే వైపు దాదాపు అంతా డొల్లే. ఆయన చెప్పింది ఏంటంటే, కప్పు మీద నీళ్లు నిలిచి లోపలికి దిగి చువ్వకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును కిందికి నెడుతుంది. మనం కింద నుంచి సున్నం వేస్తే, సిమెంటు పూస్తే అది మళ్లీ ఊడుతుంది, రోగం పైన ఉంది కాబట్టి. పైకి ఎక్కి చూశాడు. నీళ్లు పోయే గొట్టం వేపాకులతో పూర్తిగా నిండిపోయి ఉంది, చీలమండ దాకా నీళ్లు. పిట్టగోడ పగులులో రావి మొక్క, నా మోకాలంత ఎత్తు. దాని వేరు గోడకీ కప్పుకీ మధ్య దిగిందని చూపించాడు. ఆ మొక్క మేం ఏడాదిగా చూస్తున్నాం, వంట చేసే అక్క రావిచెట్టు పీకొద్దు టీచరమ్మా అంటే అట్లే వదిలేసినం.

ఇక్కడ ఒక మాట, ఆ గొట్టం శుభ్రం చెయ్యడానికి పైసా ఖర్చు లేదు. వానాకాలం ముందు ఒక నిచ్చెన, ఒక కట్టె చాలు. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎక్కి చూడలేదు. ఇప్పుడు ప్రతి మే నెలాఖరులో, మళ్లీ దసరా సెలవుల్లో మిగతా రెండు గదుల మీద చూపిస్తున్నా.

ఆయన ఫార్మాట్‌లో పాత గది ఎదురుగా "తరగతులకు ఉపయోగించరాదు" అని రాసి, "రేపటి నుంచి కాదు మేడం, ఇప్పటి నుంచే" అన్నాడు. మెమో గురించి నేనే అడిగేశా, గొంతు వణికింది. హెచ్ఎం మేడం నా వైపు చూసి, "మీరు వరండాల కూసోబెట్టింది రాస్తున్న. పుస్తకాలు లేవని మీరు ముందే కాగితం ఇచ్చిన్రని రాస్తున్న. తేదీ చెప్పండి" అంది. అంతే, ఇంకేం అనలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినయ్.

ఆ మేడం చేసిన ఇంకో పని ఎవరూ చెయ్యరు. ఆడపిల్లల టాయిలెట్‌లోకి తనే పోయి తలుపు వేసుకుని చూసింది. నల్లా వస్తుంది, నీళ్లున్నాయి, 2024లో కమిటీ తరఫున రిపేర్ చేయించినం, అందుకే నేను ధైర్యంగానే ఉన్నా. ఆమె బయటికి వచ్చి "గడియ లేదు" అంది. లోపలి గడియ ఎప్పుడో ఊడిపోయింది, పిల్లలు ఇద్దరిద్దరు పోయి ఒకరు తలుపు పట్టుకుంటే ఒకరు వెళ్తున్నారంట. ఐదో తరగతి పిల్లలు ఎండాకాలం నుంచీ ఇట్లే చేస్తున్నారు, నాతో చెప్పడానికి సిగ్గు, మా బడిలో ఇంకో టీచరైన సారుతో అసలే చెప్పలేరు. ఒక పిల్ల అయితే మధ్యాహ్నం దాకా నీళ్లే తాగదంట, పోవాల్సి వస్తుందని. గడియ ఖరీదు నూట ఇరవై రూపాయలు, సాయంత్రం బిగించేసినం. విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరు వేరు టాయిలెట్లు ఉండాలని ఉంది, మాకు ఉన్నాయి, యూడైస్‌లో "ఉంది, పనిచేస్తుంది" అని నేనే టిక్ పెట్టా. గడియ లేని తలుపుకు ఆ ఫారంలో గడి లేదు.

వంటగది త్వరగానే చూశారు, బియ్యం, గుడ్లు, రుచి చూసే రిజిస్టర్ అన్నీ సరిగానే ఉన్నాయి. మోటార్ స్టార్టర్ బోర్డు పిల్లలకు అందే ఎత్తులో ఉందని పైకి జరపమన్నారు, ఒక వైరు తేలి ఉంది. మంటలార్పే సిలిండర్ గోడకు ఉంది గానీ రీఫిల్ తేదీ దాటి మూడేళ్లయింది. ఆ సీనియర్ టీచర్ కుంభకోణం గుర్తు చేశారు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడి వంటగది మంట ఆకుల పైకప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు కదా, ఆ కేసులోనే 2009లో సుప్రీంకోర్టు పిల్లలకు చదువు హక్కు అంటే భద్రంగా ఉన్న బడిలో చదివే హక్కు కూడా అని చెప్పి, బడుల్లో ఈ సిలిండర్లు పెట్టాలంది. ఆయన చెప్పేదాకా ఆ సిలిండర్ మా గోడకు ఎందుకొచ్చిందో నాకు తెలియదు. మాలాంటి బడికి, అంటే 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి, ఏడాదికి స్కూల్ గ్రాంట్ 25 వేలు. అది కూడా ఒక్కసారి రాదు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ఫినాయిల్, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే. సిలిండర్ రీఫిల్ దాంట్లో నుంచే చేయించా, కప్పు మాత్రం దాంట్లో అయ్యే పని కాదు.

పోయే ముందు రిపోర్టు మొత్తం మా అందరి ముందు చదివారు, కమిటీ అధ్యక్షురాలు కూడా ఉంది, ఆమె సంతకం కూడా పెట్టించారు. నేను అడిగి ఒక కాపీ తీసుకున్నా. కాపీ తప్పకుండా అడగండి. ఆ కాపీ లేకపోతే తర్వాత జరిగినవి సగం జరిగేవి కాదు.

పుస్తకాలు ఐదో రోజుకు వచ్చినయ్. ఎక్కడి నుంచో తెలుసా, మా మండలంలోనే తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఇంకో బడి నుంచి. అక్కడ ఆ సంవత్సరం పిల్లలు తగ్గారు, ఇండెంట్ మాత్రం పాత లెక్కే, మూడో తరగతి సెట్లు తొమ్మిది కట్ట విప్పకుండా అట్లే ఉన్నాయి. మేం రెండు నెలలు ఇద్దరికి ఒక పుస్తకంతో చదువుతుంటే అవి అక్కడ బీరువాలో ఉన్నయ్. ఎవరో దాచుకున్నారని కాదు, మిగిలినయ్ అని చెప్తే ఇండెంట్ తప్పు రాశావని అంటారేమోనని వాళ్లూ చెప్పలేదు. టీమ్ రెండు బడులూ తిరిగింది కాబట్టి ఇక్కడ తక్కువ, అక్కడ ఎక్కువ అని బయటపడింది. జూన్ నెలాఖరుకే మండలంలో ఒక్కరోజు కూర్చుని ఎక్కువ తక్కువ సరి చేసుకుంటే ఇదంతా ఉండదు, ఈ సంవత్సరం అట్ల చెయ్యమని మా కాంప్లెక్స్ మీటింగ్‌లో నేను లేచి అడుగుతా.

ఆ పాపకు కొత్త లెక్కల పుస్తకం ఇచ్చి, నోట్‌బుక్ నాకిస్తావా బిడ్డా అని అడిగా. ఇయ్యలేదు. "మా తమ్మునికి పనికొస్తది మేడం" అంది, తమ్ముడు ఒకటో తరగతి.

గది విషయం ఇంత తేలికగా కాలేదు. మూసేస్తున్నాం అని చెప్పగానే తల్లిదండ్రులు బడికి వచ్చిన్రు. "గది మూస్తే పిలగాళ్లను యాడ కూసోబెడ్తరు మేడం, చెట్టు కిందనా? గిట్లయితే మల్ల ప్రైవేటుకే తోలుతం" అని. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. నేను ఏఈ సారు రాసిన కాగితం చదివి వినిపించా, కిందపడ్డ పెచ్చు ఒకటి చేతికిచ్చి బరువు చూడమన్నా. చూసినాక గొంతులు తగ్గినయ్. అప్పటికి ఊళ్లో సర్పంచ్ లేడు, 2024 ఫిబ్రవరి నుంచి పంచాయతీలన్నీ స్పెషల్ ఆఫీసర్ల చేతుల్లోనే ఉన్నాయి, మా స్పెషల్ ఆఫీసర్‌కి నాలుగు ఊర్లు. అడగాలంటే ఎవరిని అడగాలి? మళ్లీ మహిళా సంఘం వాళ్లే ముందుకొచ్చారు. బడికి ఎదురుగా వాళ్ల సంఘం భవనం ఉంది, మీటింగులు నెలకు రెండుసార్లే, మిగతా రోజులు పిల్లల్ని కూర్చోబెట్టుకోండి అని తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఒకటి, రెండు తరగతులు ఇప్పటికీ అక్కడే. మధ్యలో రోడ్డు దాటాలి, అదొక భయం, ప్రతి బెల్లుకీ మాలో ఒకరం రోడ్డు మీద నిలబడతాం.

ఆగస్టు 27న వినాయక చవితి. ఆ రోజు, మరుసటి రోజు మెదక్, కామారెడ్డిలో కురిసిన వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, రోడ్లు తెగినయ్, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. వాన తగ్గి బడికి పోయేసరికి పాత గదిలో రెండో తరగతి వైపు తలుపంత వెడల్పు పెచ్చు కిందపడి ఉంది, బెంచీ ఒకటి మధ్యకు విరిగింది. ఆ రెండ్రోజులూ ఎట్లయినా సెలవే, గది మూయకపోయినా పిల్లలు ఉండేవాళ్లు కాదు. కానీ వాన బడి ఉన్న రోజు కూడా పడొచ్చు కదా. ఆ బెంచీ నేను జులైలో మూర పక్కకు జరిపిన బెంచీయే. పక్కకు జరపకపోయినా అది ఆ పెచ్చు కిందే ఉండేది, జరిపినా దాని కిందే ఉంది.

ఫొటోలు తీసి, రిపోర్టు కాపీ జతచేసి పంపినం. కూల్చడానికి ఒక అనుమతి, కొత్త గదికి ఒక సాంక్షన్, రెండూ వేరు వేరు ఫైళ్లు. డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు అయ్యి కొత్త సర్పంచ్ వచ్చాక మొదటి గ్రామసభలోనే తీర్మానం రాయించినం, మా కమిటీ ఆడవాళ్లు ముప్పై మంది వచ్చి కూర్చున్నారు. ఎస్టిమేట్ వేసుకుపోయారు. డబ్బు ఇంకా రాలేదు. నెలకోసారి నేనూ, అధ్యక్షురాలూ మండలాఫీసుకు పోయి ఆ కాపీ చూపించి అడిగి వస్తున్నాం.

గది ఇంకా అట్లే నిలబడి ఉంది. చుట్టూ ముళ్లకంప అడ్డం పెట్టి, గోడ మీద పెద్ద అక్షరాలతో "లోపలికి రాకూడదు" అని ఐదో తరగతి పిల్లలతోనే రాయించా. ఆటల పీరియడ్‌లో బంతి అటు పోతే పిల్లలు కంప దగ్గరే ఆగిపోయి నన్ను కేకేస్తారు.